వేరు దాకా పోయినాక

కల్యాణదుర్గం బస్టాండు ఎదురు సందులో
మూడు మెట్లు దిగితే నా అంగడి.
కరెంటు పోయిన యాళకు
మారెక్క వచ్చింది, కొంగులో చుట్టిన ఫోనుతో,
జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు.
ముట్టుకుంటే నిజంగానే కాలతా ఉంది.

"మా తిప్పేస్వామి ఏందో చేసినాడన్నా. రూటంట.
నిదానంగా ఉంది, వేగం చేస్తానని
రాత్రంతా కూచున్నాడు.
తెల్లారేసరికి ఫోను బాగనే పరిగెత్తింది,
నేనే నిలిచిపోయినా."

ఆ మాట అర్థమయ్యేందుకు రొంత సేపు పట్టింది.
ఆమె ఉపాధి పనిలో మేటు.
ఆమె పట్టీలో నలభై మూడు పేర్లు.
పొద్దున ఒక ఫోటో, పని దిగేముందు ఒక ఫోటో.
యాపు ఒప్పుకుంటే హాజరు, హాజరుంటే కూలి.
ఇప్పుడా యాపు తెరిస్తే ఒక్కటే ముక్క:
ఈ పరికరం నమ్మదగినది కాదు.

"నన్నే అంటాందేమో అనుకున్నా" అనింది మారెక్క.
"ఆరేండ్లలో ఒక్క దొంగ పేరు రాయలేదు నేను."

తమ్ముడు భయపడి మళ్ళీ ఇంకేదో ఎక్కించినాడు.
మోడలు నంబరు చివర ఒక్క అక్షరం తేడా.
అప్పటి నుంచి కంపెనీ బొమ్మ
వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది,
గడప దాకా వచ్చి
ఏ ఇల్లో మర్చిపోయిన మనిషి లాగా.

నేను చేసేది పెద్ద పనేం కాదు.
పవరు బటను, సౌండు తగ్గించే బటను
రెండూ కలిపి పట్టుకుని పది దాకా లెక్కపెట్టడం.
పలకకపోతే కేబులు మార్చడం.
సగం రోగాలు కేబుల్లోనే ఉంటాయి,
ఈ మాట చెబితే ఎవరూ డబ్బులియ్యరు
కాబట్టి చెప్పను.

"మొత్తం తుడిచేస్తే బతుకుతాదక్కా."
"వద్దన్నా. లోపల రెండు దినాల ఫోటోలుండాయి.
గుట్ట కింద సిగ్నలు లేక పోలేదు."

మా నాయన శెనక్కాయ పీకే కాలంలో
కాలి బొటనవేలితో నేలను గీసి చూసేవాడు.
పదును లేని ఎర్రనేలలో
చెట్టును బలవంతాన లాగితే
చెట్టొస్తుంది, వేరూ వస్తుంది,
కాయలు మట్టిలోనే ఉండిపోతాయి.
ఇంగ మోకాళ్ళ మీద కూచుని
ఒక్కోటి తవ్వి ఏరుకోవాల్సిందే.

"ఏరుకుందాం, కూచో" అన్నాను.

తిప్పేస్వామి పగలగొట్టిన తలుపు
ఇంకా తెరిచే ఉంది.
అందులోంచే లోపలికి పోయినా.
తాళం సక్రంగా ఉన్న ఫోనైతే
నాకీ దారి ఉండేదే కాదు.
ఆ పిల్లోన్ని తిట్టాలో మెచ్చుకోవాలో తెలీక
రెండూ మానుకున్నా.

ఒక్కో ఫోటో నా తెర మీదికి ఎక్కింది.
కందకం గట్టున మనుషులు.
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్న ముసలామె,
గంప దించకుండానే నిలబడినోళ్ళు,
కండ్లు మూసుకున్న ఒకాయన.
"సుంకప్ప. ప్రతి ఫోటోలోనూ అంతే."
మొదటిసారి నవ్వింది.

సరైన ఫైలు దిగేసరికి చీకటి పడింది.
ఎక్కించినా. తాళం మళ్ళీ వేసినా.
ఫోను కొత్తగా పుట్టినట్టు
నీ భాష ఏదని అడిగింది.
యాపు తెరుచుకుంది, గమ్మున,
ఏమీ జరగనట్టు.
ఇప్పుడది నమ్మదగినది.

ఆ రెండు దినాలు మాత్రం లేవు.
ఫోటో వేరే, హాజరు వేరే.
నేను ఏరిచ్చింది కాయలో, పొట్టో
నాకే తెలీలేదు.

"కాగితం మీద తీసియ్యన్నా, ఆఫీసులో పెడతా."
తీసుకోకపోతే అని నేను అడగలేదు.
నలుపు తెలుపులో ప్రింటు తీసి
గోటితో తలలు లెక్కపెట్టినా.
నలభై రెండు. మళ్ళీ లెక్కపెట్టినా.
"ఒకరు తక్కువుండారక్కా."

కాగితం మడిచి కొంగున కట్టుకుంటా
మెట్లెక్కుతూ అనింది:
"తీసినోళ్ళు పడరు కదన్నా."